కోర్సు విత్‌డ్రా అయ్యాక డెంటల్ స్కూల్‌కు అప్లై చేయడం ఎలా?

ఏటా అక్టోబర్ చివర్లో ఒకసారి, మార్చి, ఏప్రిల్‌లో ఇంకోసారి ఇదే ప్రశ్న వస్తుంది. "ఆర్గానిక్ కెమిస్ట్రీ మిడ్‌టర్మ్ పోయింది. విత్‌డ్రా అవ్వాలా, ఉండిపోవాలా? ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూ పడితే డెంటల్ స్కూల్ వాళ్లు పక్కన పెట్టేస్తారా?" ఒక్కోసారి పిల్లలు అడుగుతారు. ఎక్కువగా డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో అమ్మానాన్నలు టెన్షన్ పడుతూ అడుగుతారు.

ముందు జవాబు చెప్పేస్తాను. డబ్ల్యూ అంటే కోర్సు మధ్యలో విత్‌డ్రా అయ్యారని ట్రాన్‌స్క్రిప్ట్ మీద గ్రేడ్ బదులు పడే గుర్తు. ఒకటి రెండు డబ్ల్యూలు ఉన్నంత మాత్రాన దారి మూసుకుపోదు. డబ్ల్యూకి గ్రేడ్ పాయింట్లు లేవు కాబట్టి జీపీఏ (గ్రేడ్ల సగటు) తగ్గదు. నష్టం జరిగేది వేరే చోట్ల. ఒకే కోర్సులో రెండుసార్లు విత్‌డ్రా అవ్వడం, సెమిస్టర్‌కొకటి చొప్పున పోగవ్వడం, తర్వాత అదే సబ్జెక్టులో మంచి గ్రేడ్ చూపించలేకపోవడం, అప్లికేషన్‌లో డబ్ల్యూని రాయకుండా వదిలేయడం. ఈ నాలుగూ మీ చేతిలో ఉన్నవే. ఏ పని ఎప్పుడు చేయాలో కింద వరసగా రాశాను.

ఇదంతా అమెరికాలో బ్యాచిలర్స్ చదువుతూ అక్కడి డెంటల్ స్కూళ్లకు వెళ్లాలనుకునేవాళ్ల కోసం. ఇండియాలో బీడీఎస్ పూర్తి చేసి అడ్వాన్స్‌డ్ స్టాండింగ్‌కు (డెంటల్ కోర్సు మధ్యలో నేరుగా చేరడానికి) ప్రయత్నించేవాళ్లు క్యాపిడ్ అనే వేరే సర్వీసు ద్వారా అప్లై చేస్తారు. వాళ్ల లెక్కలు వేరు, ఇక్కడివి వాళ్లకు పనికిరావు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీరు ఇప్పటిదాకా చదివిన ప్రతి కాలేజీ అనఫిషియల్ ట్రాన్‌స్క్రిప్ట్. హైస్కూల్‌లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్‌కూ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చే కోర్సు) చేసి ఉంటే అది కూడా.
- ఈ సెమిస్టర్ అకడమిక్ క్యాలెండర్. ఇందులో మూడు తేదీలు కావాలి: జాడ లేకుండా డ్రాప్ చేయడానికి ఆఖరి రోజు, డబ్ల్యూతో బయటపడడానికి ఆఖరి రోజు, పాస్/ఫెయిల్‌కు మారడానికి ఆఖరి రోజు.
- ఆ కోర్సు సిలబస్. దేనికి ఎన్ని మార్కులో ఉన్న పేజీ.
- స్కాలర్‌షిప్, ఫైనాన్షియల్ ఎయిడ్ షరతుల కాగితాలు.
- ఎఫ్‌-1 (స్టూడెంట్ వీసా) మీద ఉంటే మీ ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం), డీఎస్‌ఓ (వీసా విద్యార్థుల వ్యవహారాలు చూసే కాలేజీ అధికారి) ఈమెయిల్.
- మీరు అనుకుంటున్న ఆరేడు డెంటల్ స్కూళ్ల ప్రీరిక్విజిట్ (చేరడానికి ముందే పూర్తి చేయాల్సిన కోర్సులు) పేజీలు. ఏడీఈఏ (అమెరికన్ డెంటల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్) వాళ్ల డెంటల్ స్కూల్ ఎక్స్‌ప్లోరర్‌లో స్కూల్ వారీగా చూడొచ్చు.

1. మీరు ఏ గడువు దగ్గర ఉన్నారో చూసుకోండి

సెమిస్టర్ మొదలైన ఒకటి రెండు వారాల్లోపు కోర్సు తీసేస్తే ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఏమీ కనబడదు. టెక్సాస్ పబ్లిక్ కాలేజీల్లో ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లకు ఈ హద్దు పన్నెండో క్లాస్ డే. ఆ తర్వాత తీసేస్తే డబ్ల్యూ పడుతుంది. డబ్ల్యూకీ ఒక ఆఖరి తేదీ ఉంటుంది, అది కాలేజీని బట్టి మారుతుంది. స్నేహితుడి కాలేజీలో నవంబర్ రెండో వారం దాకా ఉందని మీ కాలేజీలోనూ ఉంటుందనుకోవద్దు.

కొన్ని కాలేజీల్లో ఆలస్యంగా బయటికొస్తే డబ్ల్యూఎఫ్ వేస్తారు. ఫెయిలవుతూ వెళ్లిపోయారని దాని అర్థం. చాలా చోట్ల దాన్ని ఎఫ్‌తో సమానంగా లెక్కిస్తారు. మీ ట్రాన్‌స్క్రిప్ట్ వెనక పేజీలో గ్రేడ్ల వివరణ ఉంటుంది, అక్కడ చదవండి.

అన్నిటికన్నా ప్రమాదం క్లాసుకు వెళ్లడం మానేసి ఊరుకోవడం. "నేను రావట్లేదు కదా, వాళ్లే తీసేస్తారు" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. చాలా చోట్ల ఎవరూ తీసేయరు. సెమిస్టర్ చివర్లో ఎఫ్ వస్తుంది.

2. భయంతో కాదు, లెక్కతో నిర్ణయించండి

సిలబస్ తీసి, మీకు ఇప్పటిదాకా వచ్చినవి రాయండి. ఉదాహరణకు మొదటి మిడ్‌టర్మ్ 20 శాతం, అందులో 52 వచ్చింది. రెండోది 20 శాతం, 48 వచ్చింది. ల్యాబ్ 20 శాతం, అక్కడ 90 నడుస్తోంది. ఫైనల్ 40 శాతం. ఇప్పటికి చేతిలో ఉన్నవి 10.4, 9.6, 18. మొత్తం 38. ఫైనల్‌లో నూటికి నూరు తెచ్చుకున్నా 78 దాటదు. అంటే కర్వ్ (క్లాసు మొత్తం మార్కులను బట్టి గ్రేడ్లు సర్దడం) లేకపోతే బీ రాదు. సీకి 70 కావాలంటే ఫైనల్‌లో 80 తెచ్చుకోవాలి, మిడ్‌టర్మ్‌లలో 50 దగ్గర ఆగినవాళ్లకు అది మామూలు విషయం కాదు.

ఇక్కడ ఆగి ప్రొఫెసర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "చివర్లో కర్వ్ ఉంటుందా? ఇప్పుడు క్లాసులో నా స్థానం ఏమిటి?" ఆర్గానిక్‌లో క్లాస్ యావరేజే 50 దగ్గర ఉంటే మీ 48 అంత చెడ్డదేమీ కాదు. ఈ ప్రశ్న అడగకుండానే విత్‌డ్రా అయిపోయి, తర్వాత పక్కవాళ్లకు అదే మార్కులతో బీ వచ్చిందని తెలిసి కుమిలిపోయేవాళ్లు ఉంటారు. ఆఫీస్ అవర్స్‌కు వెళ్లి అడగండి, మొహమాటపడొద్దు.

తర్వాత జీపీఏ లెక్క. ఆడ్‌సాస్ అనేది డెంటల్ స్కూళ్ల ఉమ్మడి అప్లికేషన్ సర్వీసు. ఒక కోర్సును రెండుసార్లు చేస్తే రెండు గ్రేడ్లనూ అది లెక్కలోకి తీసుకుంటుంది. మీ కాలేజీ "పాత గ్రేడ్ తీసేసి కొత్తది పెట్టాం" అన్నా, ఆడ్‌సాస్‌కు ఆ మాట పట్టదు. అందుకే డీ తెచ్చుకుని మళ్లీ చేయడానికీ, విత్‌డ్రా అయి మళ్లీ చేయడానికీ ఎంత తేడా ఉందో చూడండి.

మీకు సైన్స్ కోర్సుల్లో ఇప్పటికి 24 క్రెడిట్లు, 3.4 జీపీఏ ఉన్నాయనుకుందాం. ఇప్పుడు 4 క్రెడిట్ల ఆర్గానిక్:

- డీ వస్తే సైన్స్ జీపీఏ 3.06. తర్వాత మళ్లీ చేసి ఏ తెచ్చుకున్నా 3.18 దగ్గరే ఆగుతుంది.
- సీ వస్తే 3.20.
- విత్‌డ్రా అయితే 3.4 అలాగే ఉంటుంది. తర్వాత ఏ తెచ్చుకుంటే 3.49.

డెంటల్ స్కూళ్లలో చేరేవాళ్ల సగటు జీపీఏ 3.6 దరిదాపుల్లో ఉంటోంది. అందుకే ఈ తేడా చిన్నది కాదు. నా అభిప్రాయం చెప్తాను: ప్రీరిక్విజిట్‌లో డీ లేదా ఎఫ్ ఖాయమనిపిస్తే విత్‌డ్రా అవ్వండి. బీ మైనస్ వచ్చే అవకాశం ఉంటే ఉండిపోండి. సీ అయితేనే నిజంగా ఆలోచించాలి. చాలా స్కూళ్లు ప్రీరిక్విజిట్‌లో కనీసం సీ అడుగుతాయి, కాబట్టి సీ వస్తే కోర్సు అయిపోయినట్టే. మిగతా సైన్స్ కోర్సుల్లో ఏలు ఉన్నవాళ్లు ఒక సీతో ముందుకెళ్లిపోవచ్చు. ఇప్పటికే రెండు సీలు ఉన్నవాళ్లకు మూడోది బరువవుతుంది, వాళ్లు విత్‌డ్రా అయి సరిగ్గా మళ్లీ చేయడం మంచిది.

3. దీంతో పాటు ఇంకేం పోతాయో చూడండి

ఒక కోర్సు తీస్తే అది ఒక్కటే పోతుందనుకుంటారు. పోర్టల్‌లో బటన్ నొక్కే ముందు ఇవన్నీ చూసుకోవాలి.

*ల్యాబ్.* లెక్చర్, ల్యాబ్ విడివిడిగా రిజిస్టర్ చేసే కాలేజీల్లో లెక్చర్ తీస్తే ల్యాబ్ కూడా తీయాల్సి రావచ్చు. అప్పుడు ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూలు రెండు పడతాయి. ల్యాబ్‌లో ఏ నడుస్తున్నవాళ్లు, దాన్ని ఉంచుకోనిస్తారేమో డిపార్ట్‌మెంట్‌ను అడగండి. కొన్ని చోట్ల ఒప్పుకుంటారు.

*12 క్రెడిట్లు.* ఫుల్‌టైమ్ అంటే 12. చాలా స్కాలర్‌షిప్‌లు ఇక్కడే తెగిపోతాయి. కొన్ని కాలేజీల్లో సెమిస్టర్ మధ్యలో మొదలయ్యే ఎనిమిది వారాల కోర్సులు ఉంటాయి. అలాంటి ఒక కోర్సు కలుపుకుంటే క్రెడిట్లు నిలబడతాయి.

*వీసా.* ఎఫ్‌-1 మీద ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. 12 కంటే తగ్గే ముందే డీఎస్‌ఓ దగ్గర రెడ్యూస్డ్ కోర్స్ లోడ్ అనుమతి తీసుకోవాలి. ముందు తీసేసి తర్వాత చెప్తే స్టేటస్ ఉల్లంఘన అవుతుంది. చదువులో ఇబ్బంది అన్న కారణంతో ఈ అనుమతి ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే ఇస్తారు, అప్పుడు కూడా కనీసం 6 క్రెడిట్లు ఉంచుకోవాలి. ఆరోగ్య కారణమైతే డాక్టర్ లెటర్‌తో మొత్తం 12 నెలల వరకు ఇవ్వొచ్చు. ఆన్‌లైన్ కోర్సు కలిపి సర్దేద్దామనుకుంటే, ఫుల్‌టైమ్ లెక్కలోకి ఒక్క ఆన్‌లైన్ కోర్సే, 3 క్రెడిట్ల వరకే వస్తుంది.

హెచ్‌-4 (అమ్మానాన్నల హెచ్‌-1బీ మీద ఆధారపడి ఉండే వీసా) పిల్లలకు ఈ 12 క్రెడిట్ల నియమం లేదు. కానీ 21 నిండాక హెచ్‌-4 ఉండదు. మన పిల్లలు చాలామంది మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో ఎఫ్‌-1కు మారతారు. మారిన రోజు నుంచి ఈ నియమాలన్నీ వర్తిస్తాయి. రెండో ఏడాదిలో అలవాటుగా డ్రాప్ చేసినట్టు నాలుగో ఏడాదిలో చేయకూడదు.

*ఫైనాన్షియల్ ఎయిడ్.* సిటిజన్లు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు ఫెడరల్ ఎయిడ్ తీసుకుంటుంటే, రిజిస్టర్ చేసిన క్రెడిట్లలో కనీసం 67 శాతం పూర్తి చేయాలని చాలా కాలేజీలు పెడతాయి. డబ్ల్యూ రిజిస్టర్ చేసినవాటిలో ఉంటుంది, పూర్తి చేసినవాటిలో ఉండదు. అన్ని కోర్సులూ వదిలేసి సెమిస్టర్‌లో 60 శాతం కాలం కాకముందే వెళ్లిపోతే, తీసుకున్న డబ్బులో కొంత వెనక్కి కట్టాల్సి రావచ్చు.

*టెక్సాస్ ఆరు డ్రాప్‌ల నియమం.* 2007 ఫాల్ నుంచి టెక్సాస్ పబ్లిక్ కాలేజీల్లో మొదటిసారి చేరినవాళ్లు, మొత్తం అండర్‌గ్రాడ్ కాలంలో ఆరు కోర్సులకు మించి డ్రాప్ చేయకూడదు. కాలేజీ మారినా లెక్క వెంట వస్తుంది. అన్ని కోర్సులూ ఒకేసారి వదిలేస్తే ఇందులోకి రాదు. తీవ్రమైన జబ్బు, ఇంట్లో మరణం లాంటి కారణాలకు మినహాయింపు అడగొచ్చు. ఫ్రిస్కో, ప్లేనో, కేటీ పిల్లల్లో ఈ నియమం సంగతి తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు.

*తర్వాతి కోర్సుల వరస.* ఆర్గానిక్ 1 పోతే ఆర్గానిక్ 2 జరుగుతుంది, దాని వెనక బయోకెమిస్ట్రీ జరుగుతుంది. డెంటల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష డాట్‌లో సైన్స్ భాగంలో 100 ప్రశ్నలుంటే, 40 బయాలజీ, 30 జనరల్ కెమిస్ట్రీ, 30 ఆర్గానిక్. ఆర్గానిక్ పూర్తవకుండా డాట్‌కు కూర్చోవడం కష్టం. డాట్‌లో ఫిజిక్స్ లేదు. కాబట్టి రెండింట్లో ఒకటి వదలక తప్పదంటే, ఫిజిక్స్ వదిలి ఆర్గానిక్ కాపాడుకుంటే అప్లికేషన్ ఏడాది వెనక్కి పోకుండా ఉంటుంది.

4. విత్‌డ్రా కాకుండా వేరే దారి ఉందేమో అడగండి

ఇన్‌కంప్లీట్ అనేది ఒకటుంది. కోర్సులో ఎక్కువ భాగం పాస్ మార్కులతో అయిపోయి, చివర్లో ఆపరేషనో యాక్సిడెంటో వచ్చి ఫైనల్ రాయలేకపోయినవాళ్లకు అది సరిపోతుంది. మార్కులు తక్కువొచ్చాయని ఇవ్వరు. ఇచ్చాక గడువులోగా పూర్తి చేయకపోతే చాలా చోట్ల అదే ఎఫ్‌గా మారిపోతుంది.

పాస్/ఫెయిల్‌కు మారడం ప్రీరిక్విజిట్ కాని కోర్సులకు పర్వాలేదు. ప్రీరిక్విజిట్‌లో మాత్రం డెంటల్ స్కూళ్లు ఎక్కువగా లెటర్ గ్రేడే అడుగుతాయి. ఆర్గానిక్‌ను పాస్/ఫెయిల్‌లోకి మార్చి గండం గడిచిందనుకుంటే, అదే కోర్సు మళ్లీ చేయాల్సిన పరిస్థితి రావచ్చు.

డిప్రెషన్, పెద్ద జబ్బు, ఇంట్లో మరణం లాంటివి ఉంటే మెడికల్ విత్‌డ్రాయల్ గురించి డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసులో అడగండి. మామూలు గడువు దాటినా కొన్ని కాలేజీలు పరిశీలిస్తాయి. ఇంట్లో చెప్పుకోలేక, కౌన్సెలర్ దగ్గరకు వెళ్లడం నామోషీ అనుకుని, నాలుగు కోర్సుల్లోనూ ఎఫ్‌లు తెచ్చుకునే పిల్లలున్నారు. ఒక సెమిస్టర్ మొత్తం డబ్ల్యూలతో ఉండడం నాలుగు ఎఫ్‌ల కంటే వెయ్యి రెట్లు నయం. దయచేసి అడగండి.

5. సరిగ్గా బయటికి రండి, ఆధారం దాచుకోండి

పోర్టల్‌లో విత్‌డ్రా నొక్కాక కన్ఫర్మేషన్ పేజీ పీడీఎఫ్‌గా దాచుకోండి. కొన్ని కాలేజీల్లో అడ్వైజర్ సంతకం పడేదాకా అది పూర్తవదు, పెండింగ్‌లోనే ఉండిపోతుంది. ఆఖరి రోజు సాయంత్రం చేస్తే అడ్వైజర్ దొరకడు. రెండు మూడు రోజులు ముందే చేయండి.

వారం తర్వాత అనఫిషియల్ ట్రాన్‌స్క్రిప్ట్ తీసి, ఆ లైన్‌లో డబ్ల్యూ ఉందో లేదో కళ్లారా చూడండి. "కెమ్ 2423, ఆర్గానిక్ కెమిస్ట్రీ 1" ఎదురుగా గ్రేడ్ గడి ఇంకా ఖాళీగా ఉంటే రిజిస్ట్రార్‌కు రాయండి.

ఎందుకు విత్‌డ్రా అయ్యారో ఆ వారమే నాలుగు లైన్లు మీ కోసం రాసి పెట్టుకోండి. ఎన్ని క్రెడిట్లు ఉన్నాయి, ఎన్ని గంటలు పని చేస్తున్నారు, ఇంట్లో ఏం జరిగింది. రెండేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో అడిగినప్పుడు అవి పనికొస్తాయి.

6. మళ్లీ చేసేటప్పుడు ఈసారి ఏం మారిందో చూసుకోండి

అడ్మిషన్స్ వాళ్ల చూపు డబ్ల్యూ దగ్గర ఆగదు, తర్వాత ఏం వచ్చిందో వెతుకుతుంది. అదే కోర్సులో ఏ, దాని తర్వాతి కోర్సులో మళ్లీ ఏ ఉంటే ఆ డబ్ల్యూ బరువు చాలావరకు తగ్గిపోతుంది. అదే ప్రొఫెసర్, అదే 17 క్రెడిట్ల లోడ్, అదే 20 గంటల పార్ట్‌టైమ్ ఉద్యోగంతో మళ్లీ మొదలుపెడితే అదే ఫలితం వస్తుంది. ఏదో ఒకటి నిజంగా మార్చండి. క్రెడిట్లు తగ్గించండి, లేదా పక్కన పెద్ద సైన్స్ కోర్సు లేకుండా చూసుకోండి.

మళ్లీ చేసే కోర్సును సమ్మర్‌లో కమ్యూనిటీ కాలేజీలో చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. కొన్ని డెంటల్ స్కూళ్లు ఒప్పుకుంటాయి, కొన్ని నాలుగేళ్ల కాలేజీలో చేసినవే కావాలంటాయి. మీ లిస్టులోని స్కూళ్ల పేజీలు చూసి, స్పష్టంగా లేకపోతే వాళ్లకు ఈమెయిల్ చేసి, జవాబు దాచుకోండి. యూనివర్సిటీలో కష్టమైన కోర్సులన్నీ వరసగా కమ్యూనిటీ కాలేజీకి తరలిస్తే మాత్రం, తప్పించుకుంటున్నారన్న అభిప్రాయం కలుగుతుంది.

రెండోసారి కూడా ఆ కోర్సులో డబ్ల్యూ పడే పరిస్థితి వస్తే, మూడోసారి రిజిస్టర్ చేసే ముందు ప్రీహెల్త్ అడ్వైజర్‌తో కూర్చుని మాట్లాడండి. ఒకే కోర్సు ఎదురుగా రెండు డబ్ల్యూలు ఉండడం, వేర్వేరు కోర్సుల్లో రెండు ఉండడం కంటే చాలా ఎక్కువ కనబడుతుంది.

7. ఆడ్‌సాస్‌లో డబ్ల్యూని ఎలా రాయాలి

ఆడ్‌సాస్ అప్లికేషన్ మే నెలలో తెరుస్తారు, జూన్ నుంచి సబ్మిట్ చేయొచ్చు. కోర్స్‌వర్క్ భాగంలో కాలేజీ, సెమిస్టర్, కోర్సు నంబరు, పేరు, క్రెడిట్లు, గ్రేడ్ అన్నీ మీరే ఎక్కించాలి. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి.

మొదటి నియమం: ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఉన్నది ఏదైనా అప్లికేషన్‌లో ఉండాలి. డబ్ల్యూ, ఎఫ్, మళ్లీ చేసినవి, అన్నీ. మొదటి వారంలో డ్రాప్ చేసి ట్రాన్‌స్క్రిప్ట్ మీద జాడ లేనివి రాయక్కర్లేదు. అఫిషియల్ ట్రాన్‌స్క్రిప్ట్ పక్కన పెట్టుకుని వాళ్లు లైన్ లైన్ పోల్చి చూస్తారు. తేడాలుంటే అప్లికేషన్ తిరిగి మీ దగ్గరకే వస్తుంది. చాలా స్కూళ్లు వచ్చిన వరసలో చూస్తూ సీట్లు నింపుతాయి కాబట్టి, జూన్‌లో పంపింది ఆగస్టు దాకా ఆగిపోవడం మీకే నష్టం.

రెండోది: ఏ కాలేజీలో చేశారో ఆ కాలేజీ కిందే రాయండి. కమ్యూనిటీ కాలేజీ కోర్సు యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్ట్ మీద ట్రాన్స్‌ఫర్‌గా కనబడినా, కమ్యూనిటీ కాలేజీ కిందే రావాలి. దాని అఫిషియల్ ట్రాన్‌స్క్రిప్ట్ కూడా విడిగా పంపించాలి. హైస్కూల్ డ్యూయల్ క్రెడిట్‌లో పడ్డ డబ్ల్యూ ఇక్కడ బయటికొస్తుంది. పదహారేళ్ల వయసులో కాలిక్యులస్‌లో పడ్డ డబ్ల్యూ గురించి బెంగ పెట్టుకోకండి, కానీ రాయడం మానొద్దు.

మూడోది: ట్రాన్‌స్క్రిప్ట్ రివ్యూ దగ్గర రిపీట్ కోర్సులు గుర్తించమంటారు. విత్‌డ్రా అయి తర్వాత చేసినదాన్ని రిపీట్‌గా గుర్తించకండి. మొదటిసారి గ్రేడ్ వచ్చి, అదే కాలేజీలో మళ్లీ చేసినవే రిపీట్లు. డబ్ల్యూ కోర్సుకు క్రెడిట్ల గడిలో ఏం వేయాలో ఆ ఏటి ఆడ్‌సాస్ సూచనల్లో చదివి అలాగే వేయండి, స్నేహితుల మాట మీద వేయొద్దు.

నాలుగైదు కాలేజీల్లో చదివినవాళ్లకు డబ్బు తీసుకుని కోర్సులు ఎక్కించిపెట్టే ప్రొఫెషనల్ ట్రాన్‌స్క్రిప్ట్ ఎంట్రీ సర్వీసు కూడా ఉంది. అది వాడినా చివరి పరిశీలన మీరే చేయాలి.

టెక్సాస్ వాసులు ఆ రాష్ట్రంలోని పబ్లిక్ డెంటల్ స్కూళ్లకు టీఎండీసాస్ అనే టెక్సాస్ ఉమ్మడి అప్లికేషన్ సర్వీసు ద్వారా అప్లై చేస్తారు. అది మే మొదట్లోనే తెరుచుకుంటుంది. డబ్ల్యూ కోర్సులు అక్కడా రాయాల్సిందే, మళ్లీ చేసిన కోర్సుల గ్రేడ్లు అక్కడా అన్నీ లెక్కకొస్తాయి.

8. వివరణ ఇవ్వాలా, వద్దా?

నాలుగేళ్లలో ఒకటో రెండో విడివిడిగా ఉంటే మీ అంతట మీరు ఎత్తొద్దు. ఆడ్‌సాస్ పర్సనల్ స్టేట్‌మెంట్‌కు ఇచ్చేది స్పేస్‌లతో కలిపి 4,500 క్యారెక్టర్లు. మీరు డెంటిస్ట్రీ ఎందుకు ఎంచుకున్నారో చెప్పడానికే అది సరిపోదు. అందులో పావు వంతు డబ్ల్యూకి ఖర్చు పెట్టడం పెద్ద నష్టం.

ఒకే సెమిస్టర్‌లో మూడు నాలుగు పడితే చెప్పాలి. స్కూళ్ల సప్లిమెంటల్ ప్రశ్నల్లో గానీ, టీఎండీసాస్ ఐచ్ఛిక వ్యాసంలో గానీ చోటుంటే అక్కడ రాయండి. ఏం జరిగింది, ఏం మార్చారు, తర్వాత ఏం వచ్చింది, ఈ మూడు చాలు. మీరు ఇంగ్లిష్‌లో రాసేదాని సారాంశం ఇలా ఉంటే బాగుంటుంది:

"రెండో ఏడాది ఫాల్‌లో నాన్నకు గుండె ఆపరేషన్ జరిగింది. ఇంటి షాపు నేను చూసుకోవాల్సి వచ్చి ఆర్గానిక్, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్ విత్‌డ్రా అయ్యాను. తర్వాతి ఏడాది క్రెడిట్లు తగ్గించుకుని మూడూ పూర్తి చేశాను. రెండింట్లో ఏ, ఒకదానిలో ఏ మైనస్ వచ్చాయి."

ప్రొఫెసర్ సరిగ్గా చెప్పలేదని రాయొద్దు, అది నిజమే అయినా సరే. జబ్బు వివరాలు మొత్తం చెప్పాల్సిన పని లేదు, "ఆరోగ్య కారణాల వల్ల" అంటే చాలు. జరగని కారణం కల్పించి రాయకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

విత్‌డ్రా అయిన ప్రొఫెసర్ దగ్గరే మళ్లీ చేసి ఏ తెచ్చుకున్నవాళ్లు ఆయన్నే లెటర్ అడగండి. ఆడ్‌సాస్‌లో నాలుగు లెటర్ల వరకు పెట్టొచ్చు. "మొదటిసారి ఆగిపోయాడు, రెండోసారి క్లాసులో ముందున్నాడు" అని ఆయన రాస్తే, మీ వివరణ కంటే దానికి విలువ ఎక్కువ.

9. అప్లై చేశాక విత్‌డ్రా కావాల్సి వస్తే

అప్లికేషన్‌లో "ఫాల్‌లో బయోకెమిస్ట్రీ చేయబోతున్నాను" అని రాసి, అక్టోబర్‌లో విత్‌డ్రా అయితే ఊరుకోకూడదు. సీటు వచ్చాక కూడా అది ప్రీరిక్విజిట్లు పూర్తవ్వాలన్న షరతు మీదే ఉంటుంది. అది ప్రీరిక్విజిట్ అవునో కాదో చూసి, అవునైతే ఏ స్కూళ్లకు కావాలో వాళ్లకు ఈమెయిల్ రాయండి. ఏ సెమిస్టర్‌లో, ఎక్కడ మళ్లీ చేస్తారో అందులోనే చెప్పండి. ఆడ్‌సాస్ అకడమిక్ అప్‌డేట్ తెరిచినప్పుడు అక్కడా మార్చండి. వాళ్లకు తెలియకుండా జూన్‌లో ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్‌తో తెలిస్తే, వచ్చిన సీటుకే ప్రమాదం.

అమ్మానాన్నలకు

పిల్లలు కాలేజీలో చేరాక వాళ్ల రికార్డు వాళ్లదే. విద్యార్థుల రికార్డుల గోప్యతకు సంబంధించిన ఫెర్పా చట్టం ప్రకారం పిల్లల అనుమతి లేకుండా రిజిస్ట్రార్ సాధారణంగా మీకు గ్రేడ్లు చెప్పరు. ఫోన్ చేసి వాదించి లాభం లేదు. కాబట్టి పిల్లలు మీకు చెప్పగలిగేలా ఉండడమే మార్గం. "ఫలానా వాళ్లమ్మాయికి ఒక్క బీ కూడా రాలేదు" అన్న మాట విన్న పిల్లలు విత్‌డ్రా గడువు దాటేదాకా నోరు విప్పరు. డబ్ల్యూతో పోయే విషయం ఎఫ్ దాకా వెళ్లేది అప్పుడే.

చివరిగా సరిచూసుకోండి

సబ్మిట్ చేసే ముందు ఒక్కో ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఎన్ని లైన్లున్నాయో, ఆడ్‌సాస్‌లో ఆ కాలేజీ కింద అన్నే ఉన్నాయో లెక్కపెట్టండి. డబ్ల్యూలను మాత్రమే మరోసారి విడిగా లెక్కపెట్టండి, ఎక్కువగా జారిపోయేవి అవే.

డబ్ల్యూలు తీసేసి, రెండుసార్లు చేసినవాటి గ్రేడ్లు రెండూ కలిపి, మీ మొత్తం జీపీఏ, సైన్స్ జీపీఏ కాగితం మీద వేసుకోండి. క్వార్టర్ పద్ధతి కాలేజీ అయితే ప్రతి క్వార్టర్ క్రెడిట్‌నూ 0.667 సెమిస్టర్ క్రెడిట్‌గా మార్చండి. వెరిఫికేషన్ అయ్యాక ఆడ్‌సాస్ తన జీపీఏలు చూపిస్తుంది. రెండో దశాంశంలో చిన్న తేడా ఉంటే వదిలేయండి. సైన్స్ జీపీఏలో 0.1 తేడా వస్తే, ఏదో ఒక కోర్సు సబ్జెక్టు మారి ఉంటుంది, లేదా డబ్ల్యూఎఫ్‌ను ఎఫ్‌గా తీసుకుని ఉంటారు. ఏ కోర్సో కనిపెట్టి, కోర్సు నంబరు, సెమిస్టర్, కాలేజీ పేరుతో అదే రోజు ఆడ్‌సాస్ కస్టమర్ సర్వీసుకు రాయండి.